ఏ నీరు దేనికి మంచిది?

ధర్మపురి నుండి ఒక శ్రోత ఈమధ్య మాకు ఒక ఉత్తరము వ్రాశారు. వారి కుమారుడు ఉద్యోగరీత్యా అమెరికాలో ఉంటున్నాడు. సెలవులకు ఇంటికి వచ్చి, గోదావరిలో స్నానము చేసి, నరసింహస్వామివారి దర్శనము చేసుకొని, మరునాడు పెరటి బావి నీటిలో ఒక రంగుకాగితపు ముక్కను ముంచి చూచి, "బాపూ, ఈ నీళ్ళు బీరుకు పనికిరావు" అన్నాడట. తండ్రిగారి మనస్సు నొచ్చుకొన్నది. వారు ఇట్లా వ్రాశారు: "అక్కడ వాడు ఇంట్లోనే బీరు కాచుకొంటాడట. అందుకు నీటిలో జిప్సం తూచి కలుపుతాడట. జిప్సం మేము పల్లి చేనుకు వేసే వస్తువు. దానిని మనుష్యులు త్రాగే దానిలో కలుపుట ఏమిటి? మూడు తరాలవారము త్రాగిన బావి నీరు బీరుకు పనికిరాకపోవుట ఏమిటి? తమరు విచారించి చెప్పవలెను."

ఉత్తరము చదివి మొదట నవ్వుకొన్నాము. మరల చదివినప్పుడు, ఆ తండ్రిగారు అడిగినది బీరును గురించి కాదనీ, తమ బావిని గురించి అనీ తోచింది. నీటి గుణమేమిటి, దానిని ఎట్లా తెలుసుకొనుట, తెలుసుకొన్న మీదట ఎంతవరకు మార్చుకొనుట అనునవి నీరు త్రాగే ప్రతి ఇంటికీ అవసరమైన సంగతులే. కనుక వారికి వ్రాయదలచిన జవాబును శ్రోతలందరికీ వినిపించదలచాము.

ముందుగా ఒక మాట. మన రాష్ట్రములో ఇంటిలో బీరు కాచుకొనుట చట్టసమ్మతము కాదు. 1968 నాటి ఆబ్కారీ చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే ఎట్టి మత్తుపానీయమును తయారు చేయరాదు. హైదరాబాదులో అక్కడికక్కడే బీరు కాచి ఇచ్చే చిన్న కార్ఖానాలకు 2015లో ప్రత్యేక నియమములు ఏర్పడినవి. అవి కూడ లైసెన్సుకు లోబడినవే. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ 1978లో చేసిన శాసనము 1979 ఫిబ్రవరి నుండి అమలులోనికి వచ్చింది. ఇద్దరు లేక అంతకు మించి పెద్దవారున్న ఇంటిలో ఏడాదికి 200 గ్యాలన్లు, అనగా సుమారు 757 లీటర్ల వరకు, సొంత వాడుక కొరకు పన్ను లేకుండ కాచుకొనవచ్చును, అమ్మరాదు. అందువలన అక్కడి కుర్రవాడు చేస్తున్న పనిలో తప్పు లేదు. ఇక్కడ మేము చెప్పబోవునది కాచే విధానము కాదు. అందులో నీటికి గల పాత్ర మాత్రమే.

వాన నీరు మేఘము నుండి జారునప్పుడు దాదాపు శుద్ధజలము. అది నేలలోనికి ఇంకునప్పుడు మట్టిలోని బొగ్గుపులుసు గాలిని తనలో కలుపుకొంటుంది. దానివలన నీటికి కొంచెము పులుపు వస్తుంది. ఆ పులుపుతో రాతిని కొద్దికొద్దిగా కరగించుకొంటూ పోతుంది. రాతిలోని కాల్షియము, మెగ్నీషియము, సోడియము నీటిలో చేరుతాయి. పులుపు చల్లారి బైకార్బొనేటుగా మారుతుంది. నదిలో పారే నీటికి రాతితో సహవాసము తక్కువ. బావిలో ఊరే నీరు, అందులోను లోతైన బోరు నీరు, ఏండ్ల తరబడి రాతి పగుళ్ళలో మసలి వచ్చినది. ధర్మపురిలో గోదావరి ఒడ్డున ముంచుకొన్న బిందెడు నీటికిని, ఊరిలోని బోరు నుండి పట్టుకొన్న బిందెడు నీటికిని భేదము ఇక్కడే పుడుతున్నది. రెండూ ఒక్క వాన బిడ్డలే; పెరిగిన ఇండ్లు వేరు.

ఈ భేదము మన ఇల్లాండ్రకు ఎన్నడో తెలుసును. మంచినీళ్ళ బావి, ఉప్పునీళ్ళ బావి అని ఊరూరా రెండు పేర్లున్నవి. పప్పు ఉడికే నీరు, ఉడకని నీరు అని మరొక విభజన ఉన్నది. కందిపప్పు గింజలోని కణములను అంటిపెట్టి ఉంచే పెక్టిన్ అను జిగురు పదార్థము, కాల్షియముతో కలిసినప్పుడు బిగుసుకొంటుంది. అందుచేత కాల్షియము, మెగ్నీషియము ఎక్కువగా ఉన్న నీటిలో పప్పు ఎంతసేపు కాగినా పలుకుగానే నిలుస్తుంది. ఆ నీటిలోనే సబ్బు నురగకు బదులు తెల్లని తెట్టు కడుతుంది. దీనినే పాఠ్యపుస్తకములలో కఠినజలము అంటారు. సబ్బు చక్కగా నురగనిచ్చేది మృదుజలము. కాచినప్పుడు గిన్నె అడుగున తెల్లని పొలుసు కట్టి కొంత కాఠిన్యము పోయినచో అది తాత్కాలిక కాఠిన్యము. బైకార్బొనేటు వలన వచ్చినది. కాచినా పోనిది శాశ్వత కాఠిన్యము. జిప్సం వలన వచ్చే కాఠిన్యము ఈ రెండవ జాతిది.

ఇక బీరు సంగతి. బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి వేడిమితో ఎండించినచో మాల్టు అవుతుంది. మన ఇండ్లలో పసిపిల్లల కొరకు రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి కొట్టుట ఇటువంటిదే. మొలక వచ్చునప్పుడు గింజలో ఎంజైములు పుడతాయి. నలగగొట్టిన మాల్టును సుమారు 65 డిగ్రీల వేడినీటిలో గంటసేపు నానబెట్టినప్పుడు ఆ ఎంజైములు గంజిని చక్కెరగా మారుస్తాయి. ఆ తీపి నీటిని వడగట్టి, హాప్స్ అను చేదుపూలు వేసి కాచి, చల్లార్చి, ఈస్టు కలిపినచో పులిసి బీరు అవుతుంది. సీసాలోని బీరులో పదింట తొమ్మిది పాళ్ళు నీరే. అయినను నీటి గుణము నిజముగా తేలునది చివర కాదు, మొదట ఆ గంటసేపు నానబెట్టునప్పుడే. ఎంజైములు పట్టింపు గలవి. నీటి పులుపు వాటికి సరిపడిన మేరలో ఉన్నప్పుడే పని చక్కగా చేస్తాయి.

పులుపును కొలిచే కొలమానమునకు పీహెచ్ అని పేరు. శుద్ధజలము 7. అంతకు తగ్గినది ఆమ్లము, అనగా పులుపు వైపు. పెరిగినది క్షారము, అనగా సున్నపు వైపు. నేడు భూసార పరీక్ష కాగితముపైనా, నీటి పరీక్ష కాగితముపైనా కనిపించే ఈ కొలమానము పుట్టినది ఒక బీరు కార్ఖానావారి పరిశోధనశాలలోనే. డెన్మార్కు రాజధాని కోపెన్ హేగెన్ లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన సోరెన్‌సెన్ అను శాస్త్రజ్ఞుడు దీనిని 1909లో ప్రవేశపెట్టినాడు. మన రైతు తన చెలక చౌడుబారిందో లేదో తెలుసుకొనుటకు చూచుకొనే అంకె, బీరు తయారీని అర్థము చేసుకొనదలచిన వారి శ్రమఫలమనుట వింతగానే ఉంటుంది.

మాల్టు నానిన నీరు 5.2 నుండి 5.6 వరకు పీహెచ్ కలిగి ఉండవలెనని అనుభవజ్ఞులు చెబుతారు. అంతకు పెరిగినచో చక్కెర సరిగా దిగదు. గింజ పొట్టులోని వగరు దిగుతుంది. ఈ పీహెచ్ ను రెండు శక్తులు చెరొక వైపు లాగుతుంటాయి. నీటిలోని బైకార్బొనేటు పులుపును చంపి పీహెచ్ ను పైకి లాగుతుంది. ఈ గుణమునకు క్షారత అని పేరు. కాల్షియము దీనికి ప్రతిపక్షము. మాల్టులోని ఫాస్ఫేటులతో కలిసి అడుగున పేరుకొంటూ, ఆ చర్యలో పులుపును విడుదల చేసి పీహెచ్ ను క్రిందికి దింపుతుంది. మెగ్నీషియము కూడ ఈ పనినే చేస్తుంది గాని దాని బలము సగమే. మన వంటింటిలో దీనికి తలక్రిందులైన న్యాయము కనిపిస్తుంది. పప్పు మెత్తబడిన తరువాతనే చింతపండు పులుసు పోయవలెనని పెద్దలు చెబుతారు. పులుపు ముందుగా తగిలితే పప్పు ఉడకదు. పప్పుకు పులుపు గిట్టదు, కాల్షియము గిట్టదు. బీరుకు ఆ రెండూ కావలెను. ఒకే నీరు ఒకచోట చెడ్డదై మరొకచోట మంచిదగుటకు కారణమిదే.

ఈ రసాయనశాస్త్రము పుట్టకముందు మనుష్యులు నీటిని మార్చలేదు. నీరే వారి పానీయమును మార్చింది. నేటి చెక్ దేశములోని పిల్జెన్ పట్టణపు నీరు మిక్కిలి మృదువైనది. అక్కడ జోసెఫ్ గ్రోల్ అను బవేరియా వాసి 1842లో తయారుచేసిన లేతబంగారు వన్నె బీరు ప్రపంచమంతట ప్రచారము పొందింది. నేడు మన దేశములో అమ్ముడగు పసుపుపచ్చని బీరులలో అధికభాగము దాని సంతతివే. ఇంగ్లండులోని బర్టన్ అపాన్ ట్రెంట్ పట్టణపు బావుల నీరు దీనికి పూర్తిగా విరుద్ధము. అక్కడి నీరు జిప్సం పొరల మధ్య నుండి ఊరుతుంది. ఆ నీటితో కాచిన లేతవన్నె బీరులో హాప్స్ చేదు తేటగా, పదునుగా పలుకుతుంది. 1820 దశకములో ఆ పట్టణపు బీరు పీపాలు ఓడలలో మన దేశమునకే వచ్చేవి; ఇక్కడి ఇంగ్లీషువారి కొరకు పంపిన ఆ జాతికి తరువాత ఇండియా పేల్ ఏల్ అను పేరు నిలిచింది. డబ్లిన్, మ్యూనిక్ పట్టణములలో బైకార్బొనేటు అధికము. అక్కడ లేతవన్నె బీరు వగరెక్కేది. మాడ్చిన మాల్టుకు సహజముగా పులుపు ఎక్కువ. అది క్షారతను అణచివేయగలదు. అందుచేత అక్కడ నల్లని బీరు ప్రసిద్ధి కెక్కింది. ఆ ఊళ్ళవారు ఈ కారణము ఎరిగి చేసినవారు కారు. కుదిరినది నిలుపుకొన్నారు, కుదరనిది విడిచిపెట్టారు.

19వ శతాబ్ది ద్వితీయార్ధములో రసాయనజ్ఞులు బర్టన్ నీటి రహస్యము జిప్సమేనని తేల్చినారు. ఇతర పట్టణములవారు తమ నీటిలో జిప్సం కలిపి బర్టన్ బీరు వంటిది కాచసాగారు. ఆ పద్ధతికి బర్టనీకరణమని పేరు కూడ వచ్చింది. అప్పటినుండి వరుస తిరిగింది. నీటిని బట్టి పానీయము కాక, పానీయమును బట్టి నీరు తయారగుట మొదలైంది. 1953లో కోల్బాఖ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దీనికి ఒక లెక్క కట్టినాడు. క్షారత పైకి లాగే బలము నుండి, కాల్షియము, మెగ్నీషియము క్రిందికి లాగే బలమును తీసివేయగా మిగిలినదానికి శేష క్షారత అని పేరు. లేతవన్నె బీరుకు అది సున్నకు దగ్గరగా ఉండవలెను.

లెక్క ఎట్లా ఉంటుందో ఒక ఉదాహరణ చూద్దాము. ఇది ఏ ఒక్క బావికీ సంబంధించినది కాదు. మన రాతినేలల నీటిని తలపించేటట్లు మేము వేసుకొన్న అంకెలు. లీటరు నీటిలో క్షారత 250 మిల్లీగ్రాములు, కాల్షియము 60, మెగ్నీషియము 30 ఉన్నాయనుకొందాము. కాల్షియమును 1.4 చేత, మెగ్నీషియమును 1.7 చేత భాగించి, ఆ రెండింటిని క్షారత నుండి తీసివేయవలెను. 60లో సుమారు 43, 30లో సుమారు 18 వస్తాయి. 250 నుండి 61 పోగా మిగిలినది 189. ఇది సున్నకు చాలా దూరము. ఆ కుర్రవాడు "పనికిరావు" అన్నది ఇటువంటి అంకెను చూచియే అయి ఉండును.

దీనిని జిప్సముతోనే సరిచేయవచ్చును గదా అని అనిపిస్తుంది. పది లీటర్లకు ఒక గ్రాము జిప్సం వేసినచో లీటరుకు 23 మిల్లీగ్రాముల కాల్షియము, 56 మిల్లీగ్రాముల సల్ఫేటు చేరుతాయి. పై లెక్క ప్రకారము 189ని సున్నకు తేవలెనంటే లీటరుకు దాదాపు 265 మిల్లీగ్రాముల కాల్షియము అదనముగా కావలెను. అనగా పది లీటర్లకు 11 గ్రాములకు పైగా జిప్సం. దానితోపాటు సల్ఫేటు 600 దాటుతుంది. త్రాగునీటికి భారత ప్రమాణముల సంస్థ అంగీకరించిన మేర 200. వేరే ఆధారము లేనప్పుడు ఓర్చుకొనదగిన మేర 400. కనుక ఆ దారి తగదు. తెలిసినవారు ముందు కలిపేవారు కారు, ముందు పలుచన చేసేవారు. ఒక పాలు బావి నీటికి నాలుగు పాళ్ళు ఆర్.ఓ. యంత్రములో వడగట్టిన నీరు కలిపినచో క్షారత 50కి, కాల్షియము 12కు, మెగ్నీషియము 6కు దిగుతాయి. ఇప్పుడు పది లీటర్లకు ఒక గ్రాము జిప్సం, ఒక గ్రాము కాల్షియం క్లోరైడు చాలును. కాల్షియము సుమారు 62 అవుతుంది. శేష క్షారత రమారమి రెండు. రెండు గ్రాములనగా చిటికెడు. దానికే ఆ చిన్న త్రాసు.

జిప్సములోని సల్ఫేటు చేదును పదును చేస్తుంది. క్లోరైడు నోటికి నిండుదనమును, మాల్టు తీపికి ఒదుగును ఇస్తుంది. ఈ రెంటి పాళ్ళను బట్టి రుచి ఎటు మొగ్గవలెనో నిర్ణయించుకొంటారు. కుళాయి నీటిలో క్రిములను చంపుటకు వేసే క్లోరిను సంగతి వేరు. క్లోరైడు ఉప్పులోని మెత్తని పదార్థము. క్లోరిను ఘాటైన వాయువు. అది మాల్టులోని పదార్థములతో కలిసినచో బీరుకు ఆసుపత్రిలో కట్టుకట్టే మందు వాసన పడుతుంది. అందుచేత ముందుగా దానిని తొలగిస్తారు. త్రాగునీటిలో మాత్రము ఆ క్లోరినే మనలను కలరా, విరేచనముల నుండి కాపాడేది. బీరుకు శత్రువైనంత మాత్రాన అది ఇంటికి శత్రువు కాదు.

మా శ్రోత ఉత్తరము చివర, "మా తాటిచెట్టు కల్లుకు ఏ కొలతా అక్కరలేదు" అని కొంచెము గర్వముగా వ్రాశారు. ఆ గర్వము తగినదే. తాటిచెట్టు నేలలోని నీటిని తానే వడగట్టి, తీపి కలిపి లొట్టిలోనికి దింపుతుంది. కాని కొలత అక్కరలేదనుట పూర్తిగా నిజము కాదు. చెట్టు నుండి దిగునప్పుడు నీరా పీహెచ్ 7కు చేరువలో ఉంటుంది. గాలిలోని ఈస్టు, సూక్ష్మక్రిములు తగిలి కొన్ని గంటలలో పులిసి కల్లు అవుతుంది. పీహెచ్ 4 ప్రాంతమునకు దిగుతుంది. నీరాను నీరాగా నిలుపదలచినప్పుడు గీతపనివారు లొట్టి లోపల సున్నము పూస్తారు. సున్నము పీహెచ్ ను పైకి లేపుతుంది. ఆ క్షారములో ఈస్టు తల ఎత్తదు. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023లో నీరా కేఫ్ తెరచినారు; అక్కడ నీరాను చల్లదనముతో నిలుపుతారు. గౌడు చెట్టెక్కి సున్నము పూయుటయు, అమెరికాలోని కుర్రవాడు జిప్సం తూచుటయు ఒక్క శాస్త్రమునకు రెండు కొసలు. ఒకరు పులియుటను ఆపుటకు క్షారమును తెస్తారు. మరొకరు పులియబోవు దానికి తగిన పులుపును అమరుస్తారు.

పల్లి చేను జిప్సం సంగతి కూడ ఇప్పుడు తెలుస్తుంది. ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోలు వేయుట కాయకు కాల్షియము అందుటకే. గింజ నిండుటకు అది కావలెను. చౌడు నేలలో వేసినప్పుడు ఆ కాల్షియమే సోడియమును త్రోసివేసి మట్టిని విడదీస్తుంది. పదార్థమొక్కటే; కాని చేనికి వచ్చే బస్తాలో మట్టి, ఇతర మలినములు ఉండవచ్చును. ఆహారములో వాడుటకు వేరుగా శుద్ధిచేసిన జిప్సం దొరుకుతుంది. పొలపు బస్తా నుండి తీసి నీటిలో కలుపుట ఎన్నటికీ తగదు.

ఇంతవరకు చెప్పినది విని, "అబ్బాయి మాట నిజమే, మా బావిలో క్షారత ఎక్కువ, దానివలన బీరుకు తప్ప మాకు నష్టము లేదు" అని మా శ్రోత ఊరట చెందవచ్చును. ఇక్కడనే మేము వారిని ఒక నిమిషము ఆపవలసి ఉన్నది. ఆ రంగుకాగితము క్షారతను చూపును, కాఠిన్యమును చూపును, పీహెచ్ ను చూపును. బీరుకు కావలసినవి అవే. ఇంటికి కావలసిన ప్రశ్న ఒకటి అది అడుగలేదు. అది ఫ్లోరైడు.

ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, మనము త్రాగే మోతాదులలో రుచియు లేదు. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండుట మేలని, 1.5కు మించరాదని మన ప్రమాణము. అంతకు మించినది ఏండ్ల తరబడి త్రాగినచో పిల్లల పండ్లపై గారలు, పెద్దల ఎముకలలో, కీళ్ళలో బిగువు, కడకు వెన్ను వంగుట కలుగుతాయి. మన తెలుగు నేలలో ఈ వ్యాధి 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో గుర్తింపబడి వైద్య పత్రికలకు ఎక్కింది. నల్లగొండ జిల్లా పల్లెల గోస అందరూ ఎరిగినదే. మన తెలంగాణములో చాలా మేర పరచుకొన్న గ్రానైటు జాతి రాతిలోనే ఫ్లోరైడు ఉన్నది.

నీటిలో కాల్షియము తగినంత ఉన్నప్పుడు అది ఫ్లోరైడును పట్టి కరగనీయకుండ ఉంచుతుంది. ఎండ నేలలలో బైకార్బొనేటు ఎక్కువైనప్పుడు కాల్షియము సున్నపు గులకలుగా విడిపోతుంది. కాల్షియము తప్పుకొన్న చోట ఫ్లోరైడుకు అడ్డు ఉండదు. అందువలన క్షారత అధికమై, కాల్షియము తక్కువై, సోడియము పెరిగిన నీటిలోనే ఫ్లోరైడు ఎక్కువగా కనిపించుట సాధారణము. అటువంటి నీరు మృదుజలము. సబ్బు చక్కగా నురగనిస్తుంది. పప్పు చక్కగా ఉడుకుతుంది. నాలుకకు తియ్యగా కూడ ఉండవచ్చును. మన పెద్దలు మంచినీళ్ళని గుర్తించుటకు పెట్టిన పరీక్షలన్నింటిలోను నెగ్గి, ఎముకను మాత్రము మెల్లమెల్లగా తినివేస్తుంది. మూడు తరములవారు త్రాగిన నీరనుట కూడ ఇక్కడ హామీ కాదు. తాతగారు త్రాగినది పై ఊట, మనుమలు త్రాగుతున్నది లోతైన బోరు నీరు కావచ్చును.

ఇంటిలో చేసుకొనే శుద్ధులు దీనిని తొలగించవు. కాచినచో క్రిములు చస్తాయి. కాని నీరు ఆవిరై, కాల్షియము పొలుసుగా దిగి, ఫ్లోరైడు ఉన్నది ఉన్నట్లే ఇంకను చిక్కనవుతుంది. వరద రోజులలో గోదావరి నీటిని తేటపరచుటకు కడవ లోపల చిల్లగింజ అరగదీయుట మన ఆచారము. అది బురదను దించును, కరిగిన లవణమును దించదు. పటిక కొంత పట్టగలదు. కాని చేతికి తోచినంత వేసినచో ప్రయోజనము లేదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970 దశకములో రూపొందించిన పద్ధతిలో, నీటి క్షారతను, ఫ్లోరైడును ముందుగా కొలిచి, దానికి తగినంత సున్నము, పటిక వేసి, కలియబెట్టి, తేర్చి, వడగడతారు. ఆ పద్ధతికి నల్లగొండ పద్ధతి అని పేరు. ప్రపంచపు నీటి శాస్త్ర గ్రంథములలో మన జిల్లా పేరు ఈ విధముగా నిలిచింది. గర్వింపదగినదే గాని, ఆ పేరు వెనుక ఎంత వేదన ఉన్నదో మరువరానిది. అక్కడను న్యాయము బీరు కాచేవాని న్యాయమే: క్షారత ఎంతో తెలియనిదే పటిక ఎంతో తెలియదు. ఆర్.ఓ. యంత్రము ఫ్లోరైడును తొలగిస్తుంది. దానితోపాటు కాల్షియమును కూడ తొలగిస్తుంది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా శుద్ధిచేసిన గోదావరి, కృష్ణా జలములు ఊళ్ళకు వచ్చుటలోని ప్రధానమైన మేలు ఇదే: నదీజలము రాతితో చిరకాలము మసలినది కాదు.

కాబట్టి ధర్మపురి శ్రోతకు మా జవాబు ఇది. అయ్యా, తమ కుమారుడు నీటిలో జిప్సం కలుపుట నిజమే. అందులో వింత లేదు, హాని లేదు, అతడు తూచి కలుపుతున్నంత కాలము. తమ బావి నీరు లేతవన్నె బీరుకు పనికిరాదనుటయు నిజము కావచ్చును. అందులో బావికి అవమానము లేదు. డబ్లిన్ నగరము ఆ అవమానముతోనే పేరు తెచ్చుకొన్నది. కాని ఆ కుర్రవాని చేతిలో ఒక మంచి అలవాటు ఉన్నది. దానిని తమరు అందుకొనవలెనని మా మనవి. అతడు నాలుకను నమ్మి ఊరకుండలేదు; కలుపుటకు ముందు కొలిచినాడు. తమరు ఒక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను ఆ బావి నీటితోనే రెండుమూడుసార్లు తొలిచి, నిండా పట్టి, గ్రామీణ నీటి సరఫరా విభాగమువారి ప్రయోగశాలకు పంపండి. ఫ్లోరైడు ఎంత అని ప్రత్యేకముగా అడగండి. ఆ అంకె 1.5 దాటినచో, ఆ నీటిని స్నానమునకు, పెరటి చెట్లకు ఉంచుకొని, వంటకు, త్రాగుటకు నదీజలమును వాడండి. దాటనిచో, మనుమలకు నిశ్చింతగా పోయండి. పప్పు ఉడకకపోయినచో దానికి మాత్రము ఒక చెంబెడు గోదావరి నీరు చాలును.